మా ఆయన నోట ఒక ఆడమనిషి పాట

పక్షవాతం వచ్చిన తర్వాత మా ఆయన నోటివెంట మొదట వచ్చింది నా పేరు కాదు. మా అమ్మాయి పేరూ కాదు. ఒక పాట వచ్చింది. అదీ ఏ భాషో నాకు తెలియని పాట.

అప్పటికి ఆయన మాట పడిపోయి నెల దాటింది. ఒమాన్‌లోని రుసైల్‌లో పైపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన మెయింటెనెన్స్ మేనేజరు. ఒకరోజు పొద్దున డ్యూటీకి వెళ్ళిన కాసేపటికే, ఆయన కింద పనిచేసే నిజామాబాద్ అతను ఫోన్ చేశాడు.

"మేడం, సార్‌కు పానం బాగలేదు. మాట వస్తలేదు, కుడి చెయ్యి లేస్తలేదు. దవాఖానకు తీస్కపోతున్నం. మీరు జల్ది రాండ్రి."

వాళ్ళు ఆలస్యం చెయ్యకుండా తీసుకెళ్ళబట్టి ప్రాణం దక్కింది. కాలు మెల్లగా స్వాధీనంలోకి వచ్చింది. కుడి చెయ్యి మాత్రం బరువుగా వేలాడేది. మాట అసలు రాలేదు. మనం చెప్పింది ఆయనకు చాలావరకు అర్థమయ్యేది. జవాబు చెప్పబోతే పెదవులు కదిలేవి, గొంతులోంచి ఏదో మూలుగు వచ్చి అక్కడే ఆగిపోయేది. అప్పుడు తల తిప్పేసుకుని గోడవైపు చూసేవారు.

అల్ ఖౌద్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఒక క్లినిక్‌లో మాట నేర్పించే డాక్టరమ్మ ఉంది. కేరళ అమ్మాయి. వయసులో చిన్నదైనా ఓపిక చాలా ఎక్కువ. నాతో హిందీలో మాట్లాడేది. ఆ రోజు గ్లాసు బొమ్మ, గొడుగు బొమ్మ చూపించి పేర్లు చెప్పమంది. ఎంత అవస్థపడినా ఆయనకు ఒక్క అక్షరం రాలేదు. "ఈరోజుకి చాల్లెండి అంకుల్" అని ఆ అమ్మాయి బొమ్మలు తీసి పెట్టుకుంటోంది. నేను హ్యాండ్‌బ్యాగులో కారు తాళాలు వెతుక్కుంటున్నాను. అప్పుడు మొదలుపెట్టారు ఆయన.

సన్నగా, కొంచెం వంకరపోయిన నోటితోనే, కానీ తడబాటు లేకుండా. నాలుగు లైన్లు. ప్రతి లైను చివరా గొంతు కొద్దిగా పైకి వెళ్ళి, అక్కడ నిలబడి, దిగింది. మాటలు స్పష్టంగా ఉన్నాయి. ఒక్కటీ నాకు తెలియదు.

డాక్టరమ్మ ఆనందంతో నా చెయ్యి పట్టుకుంది. "చూశారా ఆంటీ! మాటది ఒక దారి, పాటది ఇంకో దారి. మాట దారి దెబ్బతిన్నా పాట దారి మిగిలుంటుంది ఒక్కోసారి. ఇది పట్టుకుని మనం మాటల్ని బయటికి లాగొచ్చు. ఇది ఏం పాట ఆంటీ?"

"తెలీదు" అన్నాను.

"మీరిద్దరూ కలిసి వినేది కాదా?"

"కాదమ్మా. ఈ పాట నేను ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు."

ఆ అమ్మాయి నా మొహం చూసి మిగిలిన బొమ్మలు సర్దుకుంది. ఆయన మాత్రం నావైపు చూసి నవ్వారు. నెల తర్వాత నవ్విన నవ్వు అది. నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. దాని వెనకాలే ఇంకొకటి వచ్చి కూర్చుంది.

మా ఆయన పాటలు పాడే మనిషి కాదు. పెళ్ళైన కొత్తలో అడిగితే "నా గొంతు ఇంజిను రూములో పోయింది" అనేవారు. ఆయన ముందు ఓడల మీద ఇంజనీరుగా పనిచేశారు. పెళ్ళి తర్వాతా కొన్నేళ్ళు సముద్రం మీదే. నేను విశాఖపట్నంలో అత్తగారి దగ్గర ఉండేదాన్ని. అమ్మాయిని బడిలో వేసే వేళకి ఓడ ఉద్యోగం మానేసి, ఒమాన్‌లో ఈ ఉద్యోగం చూసుకుని మమ్మల్ని తీసుకొచ్చారు. ఇన్నేళ్ళూ వంటింట్లో, కారులో, స్నానాల గదిలో కూడా ఆయన నోట కూనిరాగం నేను విన్నది లేదు.

ఇంటికొచ్చాక ఆయన మళ్ళీ పాడితే ఫోన్‌లో రికార్డు చేసి పుణెలో చదువుకుంటున్న మా అమ్మాయికి పంపాను. పావుగంటలో ఫోన్ చేసింది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"అమ్మా, ఇది ఇటలీ పాట. నువ్వు పుట్టకముందుది. ఫోన్‌కి వినిపిస్తే దొరికింది. వింటావా, పంపిస్తున్నా. నాన్న ఎంత రొమాంటిక్కో చూడు!"

ఇటలీ అనగానే నా మనసు కొంచెం కుదుటపడింది. ఆయన మొదట చేరింది ఇటలీవాళ్ళ ఓడే. అక్కడి ఆఫీసర్లు ఎవరో పాడుతుంటే పట్టుబడి ఉంటుందిలే అనుకున్నాను. అమ్మాయి పంపిన పాట పెట్టుకుని విన్నాను. బరువైన మగ గొంతు, వెనకాల వయొలిన్లు. రాగం అదే. కానీ మాటలు అవి కావు. రెండుసార్లు, మూడుసార్లు పక్కపక్కన పెట్టి విన్నాను. ఆయన లైను చివర "సోలా" అని సాగదీస్తున్నారు. ఇటలీ పాటలో ఆ చోట ఇంకేదో మాట ఉంది. మిగతావీ కలవలేదు.

మెదడు దెబ్బతిన్న మనిషి మాటలు తారుమారు చేస్తున్నారేమో అని సరిపెట్టుకోవచ్చు. నేను సరిపెట్టుకోలేదు. తప్పు పాడేవాళ్ళు ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా పాడతారు. ఆయన ప్రతిసారీ అదే మాటలు పాడుతున్నారు.

మా బిల్డింగులో పై అంతస్తులో కొలంబియా దేశపావిడ ఉంటుంది. భర్త యూనివర్సిటీలో పాఠాలు చెబుతాడు. మేమిద్దరం లిఫ్టులో పలకరించుకునేవాళ్ళం, అంతవరకే. ఆమె ఒకరోజు ఆయన్ని చూడ్డానికి కేకు పట్టుకుని వచ్చింది. సోఫాలో కూర్చున్న ఆయన అప్పుడే పాట ఎత్తుకున్నారు. ఆవిడ చేతిలో కేకు అలాగే ఉండిపోయింది.

"మీ ఆయనకి మా భాష వచ్చని చెప్పలేదే!"

"ఏ భాష?"

"స్పానిష్. ఇది ఇటలీవాళ్ళ పాటే. కానీ ఆ గాయకుడు మా దేశాల్లో అమ్ముకోవడానికి మా భాషలో మళ్ళీ పాడాడు. మా అమ్మ ఇల్లు తుడుస్తూ ఇదే పాడేది. మా వాళ్ళలో చాలామందికి ఇది ఇటలీ పాటని కూడా తెలియదు."

"అర్థం ఒకటేనా?"

"కాదు. ఇటలీ పాటలో అతను ఊరు వదిలి వెళ్ళిపోతూ పాడతాడు, నన్ను మరిచిపో అని. స్పానిష్‌లో ఆ అర్థం వదిలేసి వేరే రాశారు. ఇంట్లో ఉండిపోయినవాళ్ళు పాడే పాట అది. తలుపు తీసే ఉంచాను, రా అని."

నేను కాఫీ కలపడానికి లేచాను. ఆవిడ నా వెనకాలే వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "ఒక తమాషా చెప్పనా?" అంది. "ఆయన దీన్ని ఆడవాళ్ళు పాడినట్టు పాడుతున్నారు."

"అంటే?"

"మా భాషలో ఒంటరి అని చెప్పాలంటే మగవాడైతే సోలో అనాలి. ఆడది అయితే సోలా. రికార్డులో గాయకుడు సోలో అనే అంటాడు. మీ ఆయన సోలా అంటున్నారు."

నాకు వెంటనే తెలిసిపోయింది. మనకీ ఉందిగా, మగవాడైతే ఒంటరివాణ్ణి, ఆడదైతే ఒంటరిదాన్ని. నా మొగుడు ఒంటరిదాన్ని అని పాడుతున్నాడు. రేడియోలో విని నేర్చుకుంటే అలా రాదు. పక్కన కూర్చుని ఒక ఆడమనిషి పాడితేనే వస్తుంది. అదీ చాలాసార్లు పాడితే.

"ఇంకో విషయం" అంది ఆవిడ ఉత్సాహంగా. నా మొహంలో ఏం జరుగుతోందో గమనించనేలేదు. "మాటల చివర 'స' మింగేస్తున్నారు. మా వైపు సముద్రం ఒడ్డు ఊళ్ళలో అలాగే పలుకుతారు. ఆయనకి నేర్పినవాళ్ళెవరో రేవు ఊరి మనుషులు."

ఆవిడ వెళ్ళాక నేను ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"ఏవండీ, ఈ పాట మీకు ఎవరు నేర్పారు?"

పెదవులు కదిలాయి. ఏమీ రాలేదు.

"ఆడమనిషేనా?"

"అవును" అన్నారు. ఆమధ్యే వచ్చింది ఆ మాట.

"ఆవిడంటే మీకు ఇష్టమా?"

"అవును."

"మన పెళ్ళికి ముందా, తర్వాతా?"

ఆయన నన్నే చూస్తూ చాలాసేపు తంటాలుపడి, "తర్వాత" అన్నారు.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి నిలబడ్డాను. గిన్నెలేమీ లేవు తోమడానికి. ఊరికే నీళ్ళ చప్పుడు వింటూ నిలబడ్డాను. అత్తగారి దగ్గర నేను అమ్మాయిని ఎత్తుకుని ఆయన ఫోన్ కోసం కాచుకున్న రోజులన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి చూసుకున్నాను. ఏ ఓడ మీద ఉన్నప్పుడు? ఏ రేవులో? ఫలానా సంవత్సరం సెలవు దొరకలేదని ఆలస్యంగా వచ్చారే, అప్పుడా? వచ్చినప్పుడు చిక్కిపోయి ఉన్నారే, ఎందుకు?

మర్నాడు డాక్టరమ్మ గదిలో ఆ సంగతి చెప్పలేక చెప్పాను, పూర్తిగా కాదు. ఆయన చెప్పే అవును, కాదు నమ్మొచ్చా అని అడిగాను. ఆ అమ్మాయి ఆయనవైపు తిరిగి, "అంకుల్, మీరు ఆడవాళ్ళా?" అంది. "అవును" అన్నారు ఆయన, మర్యాదగా. "ఈవిడ మీ భార్యేనా?" "కాదు" అన్నారు. వెంటనే తప్పు తెలిసి తల అడ్డంగా ఊపి, ఎడం చేత్తో నుదురు కొట్టుకున్నారు. "పొద్దున టిఫిను భోజనానికి ముందా, తర్వాతా?" "తర్వాత."

"ముందు, తర్వాత అన్న మాటలు చాలా ఆలస్యంగా వస్తాయి ఆంటీ. ఇప్పుడేం అడక్కండి. అడిగినా నమ్మకండి" అంది.

కాబట్టి నా దగ్గర ఉన్న ఒకే ఒక్క జవాబు కూడా పనికిరాకుండా పోయింది.

విశాఖలో ఆయన స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఓడ మీద పనిచేశారు. ఫోన్ చేశాను. ఆరోగ్యం గురించి చెప్పాక పాట సంగతి ఎత్తాను.

"అన్నయ్యగారూ, స్పానిష్ మాట్లాడే ఊరేదైనా ఉందా, ఆయన ఎక్కువ రోజులు ఉన్నది?"

"ఎన్నో రేవులమ్మా. ఏది గుర్తుంటుంది? ముందు అతని ఆరోగ్యం చూసుకో చెల్లెమ్మా. అవన్నీ ఇప్పుడెందుకు?" అన్నాడు.

ఏవి? నేను ఏమీ అనలేదే. 'అవన్నీ' అంటే ఏవి?

ఈలోగా డాక్టరమ్మ తన పద్ధతి మొదలుపెట్టింది. ఆ రాగంలోనే ఆయనకు రోజూ కావాల్సిన మాటలు పెట్టి పాడించాలట. తెలుగు తనకు రాదు కాబట్టి మాటలు నేను కట్టాలి, ఆయనతో కలిసి నేనే పాడాలి. నాకు ఒళ్ళు మండింది.

"వేరే పాట పెట్టకూడదా? మన పాటలు, దేవుడి పాటలు?"

"పెట్టి చూడండి" అంది.

చూశాను. భజనలు పెట్టాను, పాత సినిమా పాటలు పెట్టాను, మా అమ్మాయికి పాడిన జోలపాట కూడా పాడాను. ఆయన శ్రద్ధగా విన్నారు, కాలితో తాళం వేశారు, నోరు మాత్రం తెరవలేదు. అలసిపోయి నేను ఊరుకున్నాక, కిటికీలోంచి చూస్తూ, మళ్ళీ అదే ఎత్తుకున్నారు.

ఇష్టం ఉన్నా లేకపోయినా ఆయన్ని మాట్లాడించే దారి అదొక్కటే. కూర్చుని మాటలు కట్టాను. 'దాహం వేసింది, నీళ్ళు తేవా' అని ఒక లైను. 'ఫ్యాను ఆపెయ్, చలిగా ఉంది' అని ఒకటి. లైను చివర ఆ సాగదీసే చోట ఏ మాట పెట్టినా ఆయన సోలా అనే ముగించేవారు. "ఆకలి సోలా" అనేవారు. "నీళ్ళు సోలా" అనేవారు. విన్నప్పుడల్లా నా ఇంట్లో ఎవరో పిలవకుండా వచ్చి కూర్చున్నట్టుండేది. చివరికి ఆ చోట దానికి దగ్గరగా ఉండే మాట పెట్టాను, చాలా. ఆకలి చాలా. నొప్పి చాలా. రోజూ పొద్దున ఆయన పక్కన కూర్చుని, ఎడం చేతి మీద తాళం వేస్తూ, ఎవరో పాడిన పాటని నేను పాడాను. ఇటలీవాడు ఒకలా రాసుకున్నాడు, స్పానిష్‌వాళ్ళు ఇంకోలా మార్చుకున్నారు, నేను ఇడ్లీ, చట్నీ, తువ్వాలు పెట్టుకున్నాను.

పాడుతూనే ఆయన మొహం చూసేదాన్ని. కళ్ళు మూసుకుంటే అనుమానం. తెరిచి నన్ను చూసినా అనుమానమే, చూసేది నన్నేనా అని.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం పెడుతుంటే "కూర బాగుంది చాలా" అని పాడారు. సోలా కాదు. చాలా. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన కూడా తెల్లబోయి చూశారు. ఇద్దరం నవ్వాం, ఇద్దరికీ కన్నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత రాగం కొద్దికొద్దిగా పలచబడింది. ఎండలు తగ్గి కిటికీలు తెరుచుకునే రోజులు వచ్చేసరికి రాగం లేకుండానే రెండు మూడు మాటలు కలిపి చెప్పగలిగారు.

ఒక శుక్రవారం పొద్దున బాల్కనీలో కాఫీ తాగుతున్నాం. నేను ఏమీ అడగలేదు. ఆయనే మొదలుపెట్టారు.

"పాట. ఆమె."

నేను కప్పు కింద పెట్టాను. ఆయన ఒక పేరు చెప్పారు. ఆ పేరు ఇక్కడ రాయను.

"కామెర్లు. నాకు. ఓడ వెళ్ళిపోయింది."

ముక్కలు ముక్కలుగా, మధ్యలో నేను అందిస్తూ, తప్పయితే ఆయన తల అడ్డంగా ఊపుతూ, కథ బయటికి వచ్చింది. కామెర్లు వచ్చి ఆయన్ని రేవులో దింపేసి ఓడ సాగిపోయింది. ఆసుపత్రి నుంచి బయటికొచ్చాక, ఓడల వాళ్ళకి గదులు అద్దెకిచ్చే ఒక ఇంట్లో పెట్టారు. ఆ ఇల్లు నడిపేది ఆమె. భర్త పోయినావిడ. పథ్యం వండి పెట్టింది. వంట చేస్తూ ఆ పాట పాడేది.

"ఎన్నాళ్ళు ఉన్నారు అక్కడ?"

అంకెలు రావు ఆయనకి. "వానలు. అయిపోయాయి" అన్నారు.

"ఒకే గదిలోనా?"

ఆయన తల దించుకున్నారు. "అవును." ఈసారి ఆ అవును అవునే.

"తర్వాత?"

"ఓడ వచ్చింది. పొద్దున్నే. ఆమె బజారుకి. నేను..." ఎడం చేతిని గాలిలోకి విసిరారు.

"చెప్పి వచ్చారా?"

"చెప్పలేదు."

ఇన్ని నెలల్లో ఆయన నోటినుంచి ఇంత శుభ్రంగా వచ్చిన మాట ఇంకొకటి లేదు. ఏ తడబాటూ లేదు. చెప్పాక భుజాలు కదిలేలా ఏడ్చారు. నేను ఓదార్చలేదు. నా ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

"అది ఎప్పుడు జరిగింది? మన పెళ్ళికి..." అని ఆగాను. ఆ రెండు మాటలూ ఆయనకి అందవని తెలుసు. ఆయన అర్థం చేసుకున్నారు. ఎడం చెయ్యి చాపి నా మెడలో మంగళసూత్రం వేలితో తాకి, "ఇది లేదు. అప్పుడు లేదు" అన్నారు. రెండోసారి తాకి మళ్ళీ అదే అన్నారు.

ఆ సాయంత్రం విశాఖకి ఫోన్ చేసి, ఆయనే అంతా చెప్పారని చెప్పాను. స్నేహితుడు గట్టిగా ఊపిరి వదిలాడు. "మీ పెళ్ళికి ముందే చెల్లెమ్మా. ఆ రోజు అతన్ని ఆ ఇంటినుంచి ఓడకి తీసుకెళ్ళింది నేనే. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు" అన్నాడు. నమ్మాను. ఇద్దరి మాటా ఒకటే అయింది కాబట్టి నమ్మాను.

పై అంతస్తు ఆవిడ అంతా విని, "ఊరి పేరు చెప్తే మా వాళ్ళతో వెతికిస్తాను" అంది. ఆయన్ని అడిగాను. గట్టిగా తల అడ్డంగా ఊపి, లేచి గదిలోకి వెళ్ళిపోయారు. నేనూ బలవంతపెట్టలేదు. బజారునుంచి వచ్చి ఖాళీ గది చూసుకున్న మనిషికి ఇన్నేళ్ళ తర్వాత ఏం కబురు పంపుతాం?

ఆమె మీద నాకు కోపం రాలేదు. అది నాకే ఆశ్చర్యం. అన్ని నెలలూ ఆమెని తలుచుకుని కుమిలిపోయినదాన్ని, తీరా తెలిశాక ఆమె పక్కనే వెళ్ళి నిలబడ్డట్టయింది. అనుమానం పోలేదు, చోటు మారింది. మూడు పూటలా వండిపెట్టిన మనిషికి ఒక్క మాట చెప్పకుండా సంచి తీసుకుని గడప దాటగలిగినవాడు ఈయన. ఆ సంగతి తెలియకుండా ఇన్నేళ్ళు నిశ్చింతగా నిద్రపోయాను.

ఇప్పుడు ఆయన బాగా నడుస్తున్నారు. ఫ్యాక్టరీవాళ్ళు ఆఫీసులో కూర్చుని చేసే పని ఇచ్చారు. సాయంత్రాలు ఒక్కరే కిందికి వెళ్ళి మసీదు దాకా నడిచి వస్తారు. డాక్టరమ్మ ఇంకేం నేర్పమంటారని అడిగినప్పుడు నేను ఒకే మాట చెప్పాను. వెళ్ళొస్తాను. అది పలకడం ఆయనకి చాలా కష్టమైంది. వెళ్తా అనేవారు, చెప్పులేసుకునేవారు. నేను తలుపుకి అడ్డం నిలబడేదాన్ని. మళ్ళీ చెప్పండి అనేదాన్ని. ఆయన విసుక్కోకుండా మళ్ళీ ప్రయత్నించేవారు.

ఇప్పుడు చెప్పగలుగుతున్నారు. "వెళ్ళి... వస్తా" అంటారు, మధ్యలో ఊపిరి తీసుకుని. "ఊఁ, రండి" అని తలుపు తీస్తాను. లిఫ్టు దిగిన చప్పుడు వినపడగానే బాల్కనీలోకి వెళ్ళి, ఆయన మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను.